కడుపునొప్పి అని చెప్పే పిల్లలు

(తిరుపతిలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎండలో ఇంత దూరం వచ్చారు, ముందు మంచినీళ్లు తాగండి. మర్యాదకు అంటున్న మాట కాదు. నేను చెప్పదలచుకున్నది నీళ్ల దగ్గరే మొదలవుతుంది.

చాలా ఏళ్ల క్రితం ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఒక పల్లె బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. ఆ తరగతిలో ఒక పాప రోజూ పదకొండు గంటల ప్రాంతంలో లేచి నిలబడి 'టీచర్, కడుపునొప్పి' అనేది. ఇంటికి పంపితే ఇల్లు చేరగానే తగ్గిపోయేది. బడి ఎగ్గొట్టడానికి సాకు అనుకున్నాం. వాళ్ల అమ్మ వాము నమిలించింది, దిష్టి తీసింది, ఆసుపత్రికి తీసుకెళ్లి నులిపురుగుల మాత్ర కూడా వేయించింది. నొప్పి మాత్రం మర్నాడు పదకొండు గంటలకు మళ్లీ వచ్చేది.

ఒకరోజు మధ్యాహ్న భోజనానికి ముందు కంచాలు తుడవడానికి ఆ పాపను తోడు పిలిచాను. ఇద్దరం వరండాలో కూర్చున్నాం. నేనేమీ అడగలేదు. నాలుగో కంచమో ఐదో కంచమో తుడుస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది. 'మరుగుదొడ్డికి గడియ లేదు టీచర్. మగపిల్లలు తలుపు తోసేస్తారు. అందుకే నేను నీళ్లు తాగను.'

ఇంటి దగ్గర ఎనిమిదిన్నరకు బయలుదేరిన బిడ్డ సాయంత్రం దాకా ఎలా బిగబట్టుకోగలదు? పదకొండు గంటలకు నొప్పి రాక ఏమవుతుంది? మర్నాడు వడ్రంగిని పిలిపించి గడియ బిగించాం. అరగంట పని. కడుపునొప్పి పోయింది.

ఇన్నేళ్లయినా నన్ను వదలని విషయం మరొకటి ఉంది. ఆ గది ముందు నుంచి నేను రోజుకు నాలుగుసార్లు నడిచేదాన్ని. ఉపాధ్యాయులకు వేరే మరుగుదొడ్డి ఉండేది, దానికి గడియ ఉండేది. అదే నెలలో ఆరోగ్యపు అలవాట్ల పాఠం చెప్పాను. 'రోజూ తగినన్ని నీళ్లు తాగాలి' అని ఆ పాప పరీక్షలో రాసింది. పూర్తి మార్కులు వేశాను.

జీవన నైపుణ్యాలు అన్న మాట వినబడినప్పుడల్లా నాకు ఆ గడియే గుర్తొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లోనే బడి పిల్లలకు నేర్పవలసిన నైపుణ్యాలు పది అని చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం, కొత్తగా ఆలోచించడం, మంచిచెడ్డలు తరచి చూడడం, మనసులో ఉన్నది మాటల్లో పెట్టడం, నలుగురితో మెలగడం, తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధ గ్రహించడం, ఉద్వేగాలను అదుపు చేసుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. పదీ అవసరమైనవే. కానీ ఆరేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లల దగ్గర ముప్పై ఏళ్లకు పైగా గడిపిన మనిషిగా నా అనుభవం చెబుతాను. ఆ వయసులో ఈ పదింటికీ వేరు ఒక్కటే. చెప్పుకోగలగడం. నొప్పిగా ఉందని, భయంగా ఉందని, నాకిది ఇష్టం లేదని, నాకు సాయం కావాలని చెప్పుకోగలగడం. అది వచ్చిన బిడ్డకు మిగతావి మెల్లగా వస్తాయి. అది రాని బిడ్డకు పటాలు గీసి ఎన్ని నైపుణ్యాలు బోధించినా పరీక్షలో రాయడానికే పనికొస్తాయి.

చిన్నపిల్లల దిగులు చాలాసార్లు ఒంటి నొప్పిగా బయటపడుతుంది. కడుపునొప్పి, తలనొప్పి, తెల్లవారగానే వాంతి. అవి నాటకాలు కావు, నొప్పి నిజంగానే ఉంటుంది. డాక్టరుకు తప్పకుండా చూపించాలి. డాక్టరు ఏమీ లేదన్నాక మనం 'వేషాలు' అనకుండా, ఆ నొప్పి ఏ వేళకు వస్తోంది, వారంలో ఏ రోజున వస్తోంది, ఎవరు ఉన్నప్పుడు వస్తోంది అని చూసుకోవాలి. ఎక్కాలు అప్పజెప్పే రోజున వస్తోందా? ఆటో ఎక్కే ముందు వస్తోందా? వచ్చే వేళను బట్టి సగం సంగతి తెలిసిపోతుంది.

మిగతా సగం పిల్లలే చెప్పాలి. ఎదురుగా కూర్చోబెట్టి 'ఎందుకు ఏడుస్తున్నావు, చెప్పు, ఎందుకు?' అంటే ఏ బిడ్డా చెప్పదు. పెద్దవాళ్లు కళ్లలోకి చూస్తూ ఎందుకని అడిగితే పిల్లలకు అది విచారణలా ఉంటుంది. చేతులకు పని ఉన్నప్పుడు, మన కళ్లు వాళ్ల మీద లేనప్పుడు నోరు తెరుస్తారు. వేరుశనగ కాయలు ఒలుస్తూ, జడ వేయించుకుంటూ, మోటారుసైకిలు మీద నాన్న వెనకాల కూర్చుని. ఇక్కడున్న తండ్రులు ఈ మాట గమనించండి. బండి మీద వెనక నుంచి వచ్చే ఆ సన్నని గొంతు గాలికి వినబడకపోతే బండి నెమ్మది చేయండి.

చెప్పాలంటే మాటలు కావాలి కదా. శిక్షణ తరగతుల్లో నవ్వు ముఖం, ఏడుపు ముఖం, కోపం ముఖం ఉన్న పటం ఒకటి ఇస్తుంటారు. తరగతి గోడకు తగిలించండి, మంచిదే. అయితే మన ఇళ్లలో మనసుకు ఉన్న మాటలు మూడు ముఖాల్లో పట్టేవి కావు. కోపం వేరు, అలక వేరు. అలిగిన బిడ్డను బతిమాలాలి. బతిమాలే మనిషి ఉన్నారన్న ధైర్యం ఉంటేనే బిడ్డ అలుగుతుంది. అందుకే బడిలో ఏ బిడ్డ అయినా నా మీద అలిగితే నాకు లోలోపల సంతోషంగా ఉండేది. దిగులు వేరు, బెంగ వేరు. బెంగ ఒక మనిషి కోసమో ఇంటి కోసమో పెట్టుకునేది. హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలకు జ్వరం వస్తే మన పెద్దవాళ్లు 'బెంగ పెట్టుకున్నాడు' అని ఎంత సరిగ్గా పట్టుకునేవారో చూడండి. చిన్నబుచ్చుకోవడం నలుగురి ముందు జరిగేది. ఇక ఉక్రోషం. తిరిగి ఏమీ అనలేక, ఏమీ చేయలేక లోపల రగిలేది.

రెండో తరగతి పిల్లవాడొకడు పక్కవాడి నోటుపుస్తకం చింపేశాడు. పిలిచి 'కోపం వచ్చిందా?' అన్నాను. కాదన్నాడు. 'అలిగావా?' కాదన్నాడు. 'ఉక్రోషమా? అంటే, వాడు ఏదో అన్నాడు, తిరిగి చెప్పడానికి నీకు మాట దొరకలేదు, ఇక్కడ మండింది, అదా?' అని గుండె మీద చెయ్యి పెట్టి చూపించాను. వాడు కాసేపు నా చెయ్యి వైపే చూసి 'అదే టీచర్, ఉక్రోషం' అన్నాడు. ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు. తర్వాత సంగతంతా వచ్చింది. వాడి నాన్న బెంగళూరులో కూలిపనికి వెళ్లాడు. పక్కవాడి నాన్న రోజూ సైకిలు మీద దించి వెళ్తాడు. 'మీ నాన్న ఇక రాడు' అని వాడు ఏడిపిస్తున్నాడట. చింపిన పుస్తకానికి అట్ట వేసి అతికించే పని ఇద్దరికీ కలిపి ఇచ్చాను. 'ఉక్రోషం వస్తే చింపకు, వచ్చి నాకు ఆ మాట ఒక్కటి చెప్పు చాలు' అన్నాను. ఆ ఏడాదిలో మూడుసార్లు వచ్చి చెప్పాడు. ఒకసారి నేను హాజరు వేస్తుంటే చెవి దగ్గరకు వచ్చి 'ఉక్రోషం' అని వెళ్లి కూర్చున్నాడు.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం కడతారు. కొన్ని వేషాల వాళ్లు నోటికొచ్చినట్టు తిడతారు కూడా. ఒక పిల్లవాడు నన్ను అడిగాడు. 'వాళ్లు తిడితే అందరూ దండం పెడతారు, నేను తిడితే కొడతారు, ఎందుకు టీచర్?' ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. ఆ తిట్టుకు ఒక వారం ఉంది, ఒక వేషం ఉంది, అది అమ్మవారి ముంగిట ముగిసిపోతుంది, ఎవరి మీదా పగ మిగలదు అని చెప్పాను. మనిషికి కోపం ఉంటుందని, దానికి ఒక చోటు కావాలని మన పెద్దలకు తెలుసు. పిల్లల కోపానికీ ఒక చోటు చూపించాలి. మా బడిలో అది చింతచెట్టు మొదలు. కోపం వచ్చినవాళ్లు వెళ్లి అక్కడ గట్టిగా అరవవచ్చు, మట్టిబెడ్డలు విసరవచ్చు. మనిషిని కొట్టకూడదు. ఈ ఒక్క నియమం పిల్లలకు చక్కగా అర్థమయ్యేది.

తిరుపతిలో ఉన్నవాళ్లం, తప్పిపోయే పిల్లల గురించి మాట్లాడకుండా ఎలా ఉంటాం? బస్టాండులో, రైల్వేస్టేషనులో, కొండ మీద, అలిపిరి మెట్ల దగ్గర ఎప్పుడూ జనమే. పాఠంలో భాగంగా మా రెండో తరగతి పిల్లలను ఒక్కొక్కరినీ అడిగాను. మీ నాన్న పేరేమిటి? చాలామంది 'నాన్న' అన్నారు. ఏ ఊరు? 'మా ఊరు.' ఫోను నంబరు? ఒక్కరికీ రాదు. ఎవరికీ నంబర్లు కంఠస్థం లేని రోజులు వచ్చాయి, అన్నీ ఫోనులోనే ఉంటాయి. బిడ్డ తప్పిపోయినప్పుడు ఫోను అమ్మ దగ్గర ఉంటుంది, బిడ్డ దగ్గర ఉండదు.

అందుకని చెమ్మచెక్క ఆటలో నంబరు కలిపాం. పది అంకెలు, పది చప్పట్లు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి చేతులు ఒకరు కొడుతూ అమ్మ నంబరు చెప్పాలి. వారంలో అందరికీ వచ్చేసింది. పిల్లలు ఒకరి అమ్మ నంబరు ఒకరు కూడా నేర్చుకున్నారు.

తర్వాత ఆవరణలో సుద్దతో క్యూ గీశాం. ఐదో తరగతి పిల్లలు జనం. తోసుకుంటూ నడుస్తారు. మధ్యలో ఒక చిన్నపిల్ల చెయ్యి వదిలేస్తారు. ఇప్పుడు ఏం చేస్తావు? మొదటిరోజు దాదాపు అందరూ అమ్మను వెతుక్కుంటూ పరుగెత్తారు. సరిగ్గా అదే చేయకూడనిది. బిడ్డ ఒక వైపు, తల్లి ఒక వైపు పరుగెడితే ఇద్దరూ దూరమవుతారు. ఆగిపో. దగ్గర్లో స్తంభమో గోడో ఉంటే ఆనుకుని నిలబడు. అమ్మ పేరు పెట్టి గట్టిగా పిలువు, ఎందుకంటే ఆ జనంలో 'అమ్మా' అంటే వందమంది అమ్మలు తిరుగుతారు. పోలీసు బట్టల్లో ఉన్నవాళ్లు కనిపిస్తే వాళ్లకు చెప్పు. లేకపోతే కొట్టులో కూర్చున్నవాళ్లకు, చంటిబిడ్డను ఎత్తుకున్న ఆడమనిషికి చెప్పు. ఎవరు రమ్మన్నా ఆ చోటు వదిలి వెంట వెళ్లకు.

ఒక పాపకు అన్నీ వచ్చాయి, గొంతు మాత్రం పెగల్లేదు. ఆడపిల్ల గట్టిగా మాట్లాడకూడదని ఇంట్లో నేర్పారు. ఆ పాపను ఆవరణ ఆ చివర నిలబెట్టి నేను ఈ చివర నిలబడ్డాను. 'నీ పేరు నాకు వినబడాలి' అన్నాను. మొదటిరోజు పెదవులు కదిలాయి, అంతే. తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిదో రోజు అరిచిన అరుపుకు వంట చేసే ఆమె గరిటెతో సహా బయటికి వచ్చి చూసింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

గట్టిగా పిలవగలిగిన బిడ్డే 'వద్దు' అని కూడా గట్టిగా అనగలదు. పెద్దవాళ్లు చెప్పినట్టు వినాలని మనం పుట్టినప్పటి నుంచి నేర్పుతాం. బంధువులు వస్తే 'మామయ్యకు ముద్దు పెట్టు' అని బలవంతం చేస్తాం. బిడ్డ వెనక్కి జరిగితే మనకు పరువు పోయినట్టు ఉంటుంది. దయచేసి ఆ బలవంతం మానండి. ఇష్టం లేని బిడ్డ రెండు చేతులు జోడించి నమస్కారం పెడితే మర్యాదకు ఏ లోటూ లేదు. తన ఒంటి మీద తన మాట చెల్లుతుందని ఇంట్లో తెలిసిన బిడ్డే, ఎవరైనా తప్పుగా తాకితే వచ్చి చెబుతుంది. 'ఎవరికీ చెప్పకు' అని ఎవరైనా పెద్దవాళ్లు అంటే, అదే ముందుగా అమ్మకో టీచరుకో చెప్పాల్సిన మాట అని నేర్పండి.

ఉపాధ్యాయులకు ఒక మాట. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. బడి పరువు, ఊరి పెద్దలు అని లోపల సర్దుబాటు చేయడానికి మనకు హక్కు లేదు. 1098 అనే సహాయ ఫోను నంబరు పిల్లల కోసమే ఉంది, పగలు రాత్రి పనిచేస్తుంది, డబ్బులు పడవు. దాన్ని బోర్డు మీద పైన రాసి ఉంచండి, ఎప్పుడూ చెరపవద్దు.

ఊరిని బట్టి నేర్పవలసినవి కూడా మారతాయి. పలమనేరు, కుప్పం వైపు అడవి అంచు పల్లెల్లో దారిలో ఏనుగు లద్దె కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చి పెద్దవాళ్లకు చెప్పడం నేర్పాలి. మెట్ట ఊళ్లలో కుంటలు, వ్యవసాయ బావులు ఉన్నాయి. సెలవుల్లో ఒకరు జారిపడితే కాపాడబోయి ఇంకొకరు దూకుతారు. నేల మీద సుద్దతో బావి గీసి, లోపల ఒకరిని కూర్చోబెట్టి, బయటివాళ్లతో తువ్వాలు, తాడు, మూత బిగించిన ఖాళీ సీసా విసిరించేదాన్ని. దూకకూడదు, అరవాలి, అందించాలి. ఏడాదికి రెండుసార్లు చేయించినా చాలు, చేతులకు గుర్తుంటుంది.

మదనపల్లె దగ్గర ఉన్న రిషివ్యాలీ పాఠశాల వాళ్లు 1980ల్లో చుట్టుపక్కల పల్లె బడుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్లలా అమర్చారు. బిడ్డ తాను ఏ మెట్టు మీద ఉందో తానే చూసుకుని తన కార్డు తెచ్చుకుంటుంది. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గుంపులో కూర్చుంటారు, తెలిసినవారు తెలియనివారికి చెబుతారు. అది చూసినప్పుడు నాకు చదువు పద్ధతి కంటే పిల్లల ముఖాలే ఎక్కువ నచ్చాయి. 'నాకు ఇది రాలేదు' అని సిగ్గుపడకుండా అనగలిగే చోటు అది. మన తరగతుల్లో రాలేదని చెప్పడానికి పిల్లలు ఎంత భయపడతారో మనకు తెలుసు.

ఆ భయం మనం పెట్టిందే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం చాలామంది వదిలేశాం. నాలుకను ఇంకా వదలలేదు. సర్వీసు మొదట్లో నేను ఒక పిల్లవాడిని లెక్క రాలేదని 'మొద్దు' అన్నాను. ఒక్కసారే అన్నాను. తరగతి మొత్తం అదే పేరు పట్టుకుంది. ఐదో తరగతి దాటే వరకు వాడికి అదే పేరు. ఎన్నిసార్లు వారించినా ఆ పేరును నేను వెనక్కి తీసుకోలేకపోయాను. పెద్దవాడయ్యాక కనిపిస్తే క్షమాపణ చెప్పాను. నమస్కారం పెట్టి 'పర్వాలేదు టీచర్' అన్నాడు. వాడి ముఖంలో మాత్రం పర్వాలేదని లేదు.

తల్లిదండ్రులకు రెండు విషయాలు చెప్పి ఆపుతాను. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా ఫోను చూసి ఆరింటికి లేచిన బిడ్డకు విసుగు, ఏడుపు, మతిమరుపు రాక తప్పదు. ముందు నిద్ర సరిచేయండి, సగం ఫిర్యాదులు వాటంతట అవే తగ్గుతాయి. రెండోది, బిడ్డ ఏదైనా చెప్పగానే మన నోట మొదట వచ్చే మాట 'నువ్వేం చేశావు?' అన్నది. 'వాడు నన్ను కొట్టాడు' అంటే 'నువ్వేం చేశావు?' బిడ్డ మళ్లీ చెప్పదు. ఆ ప్రశ్న అడగవలసిందే కానీ తర్వాత అడగండి. ముందు 'చెప్పావు, మంచి పని చేశావు' అనండి.

ఏకోపాధ్యాయ పాఠశాల నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఇందాక లోపలికి వస్తూ అడిగాడు. 'అక్కా, ఐదు తరగతులు, ఒక్కణ్ణి. ఫోనులో వివరాలు ఎక్కించడానికే పూట గడిచిపోతుంది. వీటికి సమయం ఎక్కడ?' న్యాయమైన ప్రశ్న. ఆ భారం తగ్గాలని అందరం కలిసి అడగాలి. అంతవరకు నేను ఏం చేశానో చెబుతాను.

సాయంత్రం చివరి గంట కొట్టగానే నేను తలుపు దగ్గర నిలబడేదాన్ని. బయటికి వెళ్లే ప్రతి బిడ్డా నాకు ఒక మాట చెప్పి వెళ్లాలి. ఏ మాట అయినా సరే. ఇరవై రెండు మంది, పది నిమిషాలు పట్టేది. చాలా రోజులు 'రేపు సెలవా టీచర్?', 'పెన్సిలు పోయింది టీచర్' అనే మాటలే. ఒక్కోరోజు 'అమ్మ, నాన్న మాట్లాడుకోవడం లేదు' అన్న మాట కూడా ఆ వరుసలోనే వచ్చేది. ఒక పిల్లవాడు మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు. నా పక్కకు వచ్చి, ద్వారబంధాన్ని వేలితో ఒకసారి తాకి వెళ్లిపోయేవాడు. నేను కూడా 'సరే నాన్నా' అని తలూపేదాన్ని. జూన్‌లో బడి తెరిచిన దగ్గర నుంచి దసరా సెలవుల దాకా అలాగే సాగింది. సెలవుల తర్వాత రెండో రోజు వచ్చి, ద్వారబంధం తాకి, ఆగాడు. వెనక పిల్లలు తోస్తున్నా కదల్లేదు.

'మా మేక ఈనింది టీచర్. రెండు పిల్లలు. ఒకటి నల్లది' అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం తరగతి మొత్తం ఆ నల్ల మేకపిల్లను చూడడానికి వాళ్ల ఇంటికి వెళ్లాం. దారి పొడవునా ముందు వాడే నడిచాడు.